బండి కొత్తదా, పాతదా? తాళాలు ఎవరి దగ్గర?

మన స్త్రీల సంస్థల్లో ఏ విషయాన్నైనా కూర్చుని మాట్లాడుకుని తేల్చుకుంటాం. వాహనం కొనే విషయం వచ్చేసరికి మాత్రం చర్చ మన చేతుల్లోంచి జారిపోతుంది. డ్రైవర్ చెప్పిందో, అకౌంటెంట్ చెప్పిందో, కమిటీ సభ్యురాలి భర్త చెప్పిందో ఆఖరి మాట అవుతుంది. "బండ్ల సంగతి మనకేం తెలుసు" అని మనమే పక్కకు తప్పుకుంటాం. నేను సలహా సంఘంలో ఉన్న ఒక చిన్న సంస్థకు ఈమధ్య దాతలు వాహనం కోసం పది లక్షల రూపాయలు మంజూరు చేశారు. కొత్త బొలెరో కొందామా, సెకండ్‌హాండ్‌ది కొని మిగిలిన డబ్బు వేరే అవసరాలకు అడుగుదామా అని మూడు సమావేశాలు నడిచాయి. మూడింటిలోనూ ధర, మైలేజీ, మళ్ళీ అమ్మితే ఎంతొస్తుంది అన్నవే మాట్లాడారు. ఆ బండిని రాత్రిపూట ఎవరు నడుపుతారన్న ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు. నా దృష్టిలో మొదట తేలాల్సింది అదే. దానికి జవాబు దొరికితే కొత్తదా పాతదా అన్నది చాలావరకు తేలిపోతుంది.

అసలు మనకు బండి ఎందుకు? తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం ఉంది. పగలు మండల కేంద్రానికి వెళ్ళి రావడానికి, శిక్షణకు పదిమందిని తీసుకెళ్ళడానికి ఆ బస్సు చాలు. బస్సు తిరగని వేళకు, బస్సు పోని తండా దారికి మాత్రమే మనకు సొంత బండి కావాలి. అంటే మనం కొంటున్నది ముఖ్యంగా రాత్రివేళ కోసం.

ఆ సంస్థకు ఇంతకుముందొక పాత జీపు ఉండేది. ఒక రాత్రి పదకొండు దాటాక, భర్త తల పగలగొట్టిన ఒక స్త్రీని ఇరుగుపొరుగు వాళ్ళు ఆఫీసుకు తీసుకొచ్చారు. 108కి ఫోన్ చేస్తే బండి వేరే కేసు మీద వెళ్ళిందన్నారు. ఇద్దరు కార్యకర్తలు ఆఫీసులోనే ఉన్నారు. జీపు వాకిట్లోనే ఉంది. తాళాలు మాత్రం డ్రైవర్ జేబులో ఉన్నాయి. డ్రైవర్ పన్నెండు కిలోమీటర్ల అవతల తన ఊళ్ళో ఉన్నాడు. తాళాలు ఉన్నా ఆ ఇద్దరికీ నడపడం రాదు. చివరికి ఒక ఆటో దొరికి ఆసుపత్రికి చేరేసరికి రెండు గంటలు దాటింది. ఆమె బతికింది. కానీ ఆ రాత్రి ఆ జీపు షోరూమ్ నుంచి వచ్చిన కొత్త బండి అయినా జరిగేది అదే.

ఇది చెప్పి కొత్త, పాత తేడాను కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. తేడా ఉంది, అది మన ప్రాణాలకు సంబంధించింది. మన దేశంలో కొత్త కార్లకు, జీపు రకం బండ్లకు ఏబీఎస్ బ్రేకులు 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ముందు ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి తప్పనిసరి అయ్యాయి. డ్రైవర్ పక్కసీటు ఎయిర్‌బ్యాగ్ అన్ని మోడళ్ళకూ తప్పనిసరి కావడానికి 2021 చివరిదాకా పట్టింది. అంటే 2022కి ముందు తయారైన బండిని చవకగా వచ్చిందని కొంటే, ఏ రక్షణలు లేకుండా కొంటున్నామో అడగాలి. ఇక్కడ ఇంకొకటి కూడా చూడాలి. మన బండ్లలో ముందు సీట్లో ఎవరు కూర్చుంటారు? డైరెక్టరో, వచ్చిన అతిథో. వెనక అడ్డంగా వేసిన బెంచీ సీట్ల మీద ఆరుగురు క్షేత్ర కార్యకర్తలు మోకాళ్ళు తగిలేలా సర్దుకుంటారు. చాలా బండ్లలో ఆ సీట్లకు బెల్టే ఉండదు. అమెరికాలో 2011లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం, ఒకే తరహా ప్రమాదాల్లో, బెల్టు పెట్టుకున్న డ్రైవర్లలో కూడా తీవ్రంగా గాయపడే అవకాశం మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకు 47 శాతం ఎక్కువ. బండ్లను చాలాకాలం మగ శరీరపు కొలతల బొమ్మలతోనే పరీక్షిస్తూ వచ్చారు. కాబట్టి బండి కొనేటప్పుడు వెనక సీట్లో కూర్చునే కార్యకర్తలు ఆ సీట్లో కూర్చుని చూసి "సరే" అనాలి.

ఇక డబ్బు సంగతి. బీమా కంపెనీల లెక్కలో కొత్త బండి విలువ ఆరు నెలలు దాటగానే 15 శాతం, రెండేళ్ళు దాటితే 30 శాతం, నాలుగేళ్ళు దాటితే 50 శాతం తగ్గుతుంది. బజారు ధర అంత వేగంగా పడదు. మన ఊళ్ళలో గిరాకీ ఉన్న జీపు రకాలకు అసలే పడదు. అయినా మూడు, నాలుగేళ్ళ బండికీ కొత్త బండికీ మధ్య రెండున్నర, మూడు లక్షల తేడా ఉంటే, చిన్న సంస్థకు అది ఒక కార్యకర్త ఏడాది జీతం కన్నా ఎక్కువ. విదేశీ విరాళాల చట్టానికి 2020లో తెచ్చిన సవరణతో పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అప్పటినుంచి ప్రతి రూపాయినీ ఏ పద్దులో చూపాలన్నది మనకు తెలిసిన తలనొప్పే. దాతలు కొత్త బండికి సులువుగా ఒప్పుకుంటారు, ఎందుకంటే దానికి బిల్లు, కొటేషన్ సక్రమంగా ఉంటాయి. సెకండ్‌హాండ్ బండికి, మిగిలిన డబ్బు వాడకానికి వాళ్ళ అనుమతి కాగితం మీద తీసుకోవాలి. అది అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

పాత బండ్ల బజారు మగవాళ్ళ లోకం అన్నది నిజమే. బ్రోకరు, మెకానిక్కు, ఫైనాన్స్ ఇచ్చేవాడు, ఆర్టీవో ఆఫీసు ముందు ఏజెంటు, వీళ్ళందరినీ కలిపేది టీ కొట్టు దగ్గర పెరిగిన చుట్టరికం. ఏ బండి ప్రమాదంలో దెబ్బతింది, దేని మీద కిస్తీ బకాయి ఉంది అన్న సమాచారం ఆ వలయంలోనే తిరుగుతుంది. నేనూ ఇద్దరు కార్యకర్తలూ ఒక బండి చూడటానికి వెళ్తే, అమ్మే ఆయన మర్యాదగానే, "సార్ ఎవరైనా వస్తే మాట్లాడుకుందాం మేడం" అన్నాడు. బండ్ల గురించి మనకు తెలియనివ్వని ఏర్పాటు ఒకటుంది, ఆ ఏర్పాటు బలంతోనే ఆ మాట వస్తుంది.

అయితే తెలుసుకోవాల్సింది మరీ అంత పెద్ద శాస్త్రమేమీ కాదు. అమ్మేవాళ్ళు చూపించిన మెకానిక్ కాకుండా మనం డబ్బిచ్చి తెచ్చుకున్న మెకానిక్ బండి చూడాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. చాసిస్, ఇంజన్ నంబర్లు ఆర్సీలో ఉన్నవేనా అని సరిచూడాలి. సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపల బురద చార కనిపించిందంటే అది వరదలో మునిగిన బండి కావచ్చు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ, ఖమ్మం మునిగినప్పుడు నీళ్ళలో నిలిచిన బండ్లు ఎన్నో. వాటిలో ఎన్ని కడిగి, రంగు వేసుకుని బజారుకొచ్చాయో ఎవరు చెప్పగలరు? చలాన్లు బకాయి ఉన్నాయా, ఆర్సీ మీద ఫైనాన్స్ పేరు ఉందా అని ముందే చూడాలి. ఫైనాన్స్ ఉంటే వాళ్ళిచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వాలి. ఫారం 29, 30 మీద సంతకాలై, ఆర్సీ మన సంస్థ పేరు మీదకు మారాలి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం లోపలే అమ్మితే అమ్మినవాళ్ళు 14 రోజుల్లో, కొన్నవాళ్ళు 30 రోజుల్లో తెలియజేయాలి. బీమా పాలసీ కూడా మన పేరుకు మార్చుకోవాలి. లేకపోతే దెబ్బతిన్న మన బండికి పరిహారం రాదు.

ఈ పేరు మార్పు ఎంత ముఖ్యమో మన సంస్థలకన్నా పొదుపు సంఘాల స్త్రీలకు బాగా తెలుసు. అప్పు ఆమె పేరు మీద, చిన్న ట్రాలీ ఆటో రిజిస్ట్రేషన్ ఆమె పేరు మీద, నడిపేది భర్త, వచ్చిన కిరాయి అతని జేబులో. నా క్షేత్ర పరిశోధనలో కలిసిన ఒకామె భర్త ఆ బండిని ఆమెతో చెప్పకుండానే తెల్ల కాగితం ఒప్పందం మీద ఇంకొకరికి అమ్మేశాడు. రెండేళ్ళ తర్వాత ప్రమాదం జరిగితే కోర్టు నోటీసు ఆమెకొచ్చింది. చట్టం ఇందులో స్పష్టంగానే ఉంది. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, బండి చేతులు మారినా ఆర్సీలో పేరు ఎవరిదో పరిహారం బాధ్యత వాళ్ళదేనని చెప్పింది. ఆస్తి మీద పేరుండి అదుపు లేకపోతే, ఆ పేరు స్త్రీకి ఆస్తి తేదు, బాధ్యత మాత్రం తెస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి కొత్త బండి కొనమని సంఘాల స్త్రీలను ఒత్తిడి చేసేవాళ్ళు పెరుగుతారు. బండి ఏదైనా, కిరాయి ఎవరి ఖాతాలో పడుతుందో తేలాకే సంతకం పెట్టమని వాళ్ళకు మనం చెప్పాలి.

అదుపు రావాలంటే నడపడం రావాలి. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే జెంట్స్ సైకిళ్ళ మీదే నేర్చుకున్నారు. ఉమ్మడి నల్గొండ జిల్లా నుంచి వెళ్ళిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవర్ అయ్యారు. 2025లో తెలంగాణ ఆర్టీసీలోనూ మొదటి మహిళా డ్రైవర్‌గా చేరారు. మన కార్యకర్తలకు బస్సు నడపాల్సిన పని కూడా లేదు. లెర్నింగ్ లైసెన్సు తీసుకున్న 30 రోజుల తర్వాత పక్కా లైసెన్సుకు వెళ్ళవచ్చు. ఆ ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు కూడా నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో అన్నది, 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. అంటే జీపు నేర్చుకున్న స్త్రీకి చిన్న సరుకు బండి బతుకుదెరువు కూడా అందుబాటులోకి వస్తుంది.

అందుకే నా అభిప్రాయం ఇది. పది లక్షలే ఉన్న సంస్థ 2022 తర్వాత తయారైన, ఒకే యజమాని చేతిలో ఉన్న సెకండ్‌హాండ్ బండి కొనడం మేలు. మిగిలిన డబ్బులో కొంత మరమ్మతులకు, కొంత పూర్తి బీమాకు, కొంత కనీసం ముగ్గురు కార్యకర్తల డ్రైవింగ్ శిక్షణకు విడిగా పెట్టాలి. నేర్చుకునేటప్పుడు బండికి గీతలు పడతాయి. పాత బండి మీద గీతలు పడితే ఎవరూ గుండెలు బాదుకోరు, నేర్చుకునే అమ్మాయిని వెక్కిరించరు. అలాంటి బండి దొరక్కపోయినా, కాగితాలు సరిగ్గా లేకపోయినా, ఆగి కొత్తదే కొనాలి. చవక కోసం తెల్ల కాగితం బండి మాత్రం వద్దు. రాత్రి డ్యూటీలో బండి నడిపిన కార్యకర్తకు డ్రైవర్‌కు ఇచ్చే భత్యమే ఇవ్వాలి. లేకపోతే ఇంటిపనిలాగే అదీ జీతం లేని చాకిరీ అవుతుంది.

వచ్చే సమావేశంలో కొటేషన్లు బల్ల మీద పెట్టేముందు, ఆ గదిలో లైసెన్సు ఉన్న స్త్రీలు ఎంతమందో లెక్కపెట్టండి. ఒక్కరూ లేకపోతే మొదటి ఖర్చు డ్రైవింగ్ స్కూలుకే పెట్టండి. బండి రెండు నెలలు ఆలస్యమైనా ఫరవాలేదు.