ఫొటోలో మిగిలితే చాలా?

హైదరాబాద్ పాత ఫొటోలంటే మనకు ప్రాణం. చార్మినార్ చుట్టూ జట్కా బళ్లు, బోసిగా ఉన్న ఆబిడ్స్ రోడ్డు, హుస్సేన్‌సాగర్ కట్ట మీద ఇద్దరు ముగ్గురు మనుషులు. ఫోన్‌లోకి రాగానే చూస్తాం, "అప్పుడెంత బాగుండేదో" అని ఒక మాట రాసి మరో పది మందికి పంపిస్తాం. అదే వారంలో మన గల్లీ చివర నూరేళ్ల ఇల్లు కూలుస్తుంటే దుమ్ము లోపలికి రాకుండా కిటికీ మూసుకుంటాం. ఈ రెండు పనులూ చేసేది మనమే. పోయినదాని మీద ప్రేమకు పైసా ఖర్చుండదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలంటే డబ్బు కావాలి, ఆఫీసుల చుట్టూ తిరగాలి, కొందరితో తగువు పెట్టుకోవాలి. అందుకే మనం మొదటిది చేసి రెండోది మానేశాం.

బొమ్మల విషయంలో ఈ నగరానికి లోటు లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో జెనానా స్టూడియో కూడా తెరిచాడు. అక్కడ ఫొటోలు తీసిందీ స్త్రీయే. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. దేవిడీల లోపలి దీపాలు, విందు బల్లలు, వేటకు బయలుదేరిన ఏనుగులు, దర్బారులో బారులు తీరిన జాగీర్దార్లు ఆ పలకల మీద ఇప్పటికీ మెరుస్తున్నారు. అదే స్టూడియో 1899-1900 కరువులో ఔరంగాబాద్ జిల్లాలో ఎముకల గూళ్లుగా మారిన మనుషులనూ ఫొటోలు తీసింది. అప్పట్లో అదీ నిజాం రాజ్యమే. దేవిడీ దీపాల బొమ్మను మనం వెయ్యిసార్లు పంచుకుంటాం. కరువు బొమ్మను ఒక్కసారీ పంచుకోం. మన గతంలో మనకు నచ్చిన గదిలోనే దీపం పెట్టి, మిగతా ఇంటికి తాళం వేశాం.

ఆ మిగతా ఇంట్లో అన్నిటికన్నా ముందు చూడాల్సినవి 1908 నాటి వరద ఫొటోలు. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంచనా. నగరంలోని వంతెనల మీదుగా నీళ్లు పారాయి. అప్పటి ఫొటోలను ఫోన్‌లో కాకుండా పుస్తకంలోనో పెద్ద తెర మీదో నిదానంగా చూడండి. కప్పులేని గోడలు, ఇల్లు ఏదో వీధి ఏదో తెలియని రాళ్ల గుట్టలు, వాటి మీద నిలబడి కెమెరా వంక చూస్తున్న మనుషులు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు సుమారు నూట యాభై మంది దాని కొమ్మల్లోకి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటారు. ఆస్పత్రికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ సంగతి తెలియకుండానే దాని పక్కగా నడిచి వెళ్తుంటారు.

మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి నది ఎందుకు పొంగిందో లెక్క తీశాడు. ఎగువన పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉంటే వాటిలో 221 తెగిపోయాయని తేల్చాడు. పైచెరువు తెగి కిందిచెరువును తెంపింది, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా ఊరి మీద పడ్డాయి. ఆయన సలహా మీద 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మధ్యలో 1912లో నగర అభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు బస్తీల్లో రోడ్లు తీశారు, పత్తర్‌గట్టీలో రాతి కమాన్ల బజారు కట్టారు. వరద ముంచిన ఒడ్డునే ఎత్తుగా గోడ లేపి ఒక పక్క హైకోర్టు, సిటీ కాలేజీ, ఎదురుగా అవతలి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి నిలబెట్టారు. వీటిలో వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ చెయ్యి ఉంది. వరద ఫొటోనూ, ఆ ఒడ్డున ఈ రోజు నిలబడి చూసే దృశ్యాన్నీ పక్కపక్కన పెట్టండి. శవాలు తేలిన చోట ఒక నగరం బడి కట్టింది, న్యాయస్థానం కట్టింది, పేదవాడికి ఉచితంగా వైద్యం అందే ఆస్పత్రి కట్టింది. రాజరికంలో కట్టారు కదా, మనకేమిటి అనుకోవడం తగదు. రాయి మోసింది, సున్నం నూరింది మన ముత్తాతలే.

ఆ వారసత్వాన్ని మనం ఎలా చూసుకున్నాం? జంట జలాశయాల చుట్టూ కాంక్రీటు పెరగకుండా 1996లో 111వ నంబరు జీవో వచ్చింది. 84 గ్రామాలకు వర్తించిన ఆ ఆంక్షలను ఎత్తేస్తూ 2022లో మరో జీవో ఇచ్చారు. ఆ మధ్యలో 2020 అక్టోబరులో ఒక్క రాత్రి వానకు కాలనీలకు కాలనీలే మునిగాయి. చెరువు శిఖంలో ప్లాటు అమ్మినవాడిది తప్పే, అనుమతి ఇచ్చినవాడిదీ తప్పే. గజం ధర తక్కువగా ఉందని, ఎందుకు తక్కువో అడగకుండా కొన్న మనకు అందులో భాగం లేదా?

ఉస్మానియా ఆస్పత్రి దగ్గర కాసేపు ఆగాలి. మన మనస్సాక్షికి అసలు పరీక్ష అక్కడే జరిగింది. డంగుసున్నంతో కట్టిన గోడ ఊపిరి పీలుస్తుంది. లోపలికి దిగిన తడి మళ్లీ బయటికి పోతుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుని సున్నాన్ని పొడిపొడి చేస్తుంది. గుమ్మటం పగులులో కాకి రెట్టతో పడిన రావి విత్తు వేలెడు మొక్కగా ఉన్నప్పుడు ఒక మనిషి చేత్తో పీకేయొచ్చు. పదేళ్లు వదిలేస్తే దాని వేరు రాళ్లను విడదీస్తుంది. వాననీటి గొట్టంలో ఆకులు అడ్డుపడితే ఆ నీళ్లు కప్పులోకి దిగుతాయి. అంతకన్నా పెద్ద రహస్యం ఏమీ లేదు. ఏటా చేయాల్సిన చిన్న పనులు ఏళ్ల తరబడి ఎవరూ చేయలేదు. 2020 జులైలో వార్డుల్లోకి వాననీళ్లు వచ్చాయి, రోగులు మోకాలి లోతు నీళ్లలో మంచాల మీద కూర్చున్నారు, ఆ తర్వాత పాత భవనం ఖాళీ చేయించారు.

అప్పుడు రెండు వర్గాలు బయల్దేరాయి. కూల్చి కొత్తది కట్టండి, రోగి ప్రాణం ముఖ్యమని ఒకరు. ముట్టుకుంటే ఊరుకోం, ఇది వారసత్వ కట్టడమని ఇంకొకరు. రెండో వర్గం మాటే నా మాట కూడా, అయినా ఒకటి చెప్పి తీరాలి. గుమ్మటం అందం గురించి మాట్లాడేవాళ్లలో ఎంతమందిమి ఆ ఆస్పత్రి వరండాలో చాప పరుచుకుని పడుకున్న రోగి గురించి అంతే గట్టిగా మాట్లాడాం? కట్టడం పేరు చెప్పి రోగిని నేల మీద ఉంచే హక్కు ఎవరికీ లేదు. రోగి పేరు చెప్పి కట్టడాన్ని నేలమట్టం చేసే హక్కూ లేదు. ఇద్దరికీ అన్యాయం చేసింది ఒకే నిర్లక్ష్యం. చివరికి గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది, పాతది నిలిచింది. మనుషులు ఏళ్ల తరబడి అడిగారు, కోర్టుకెళ్లారు, అందుకే నిలిచింది.

అడిగితే ఆగుతుందనడానికి ఇర్రం మంజిల్ ప్యాలెస్ మరో సాక్ష్యం. కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూల్చాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. సచివాలయ ఆవరణలో ఉన్న, 1888లో కట్టిన సైఫాబాద్ ప్యాలెస్‌కు ఆ అదృష్టం పట్టలేదు. 2020 జులైలో మిగతా బ్లాకులతోపాటు అదీ పోయింది. నగరంలో నూట యాభైకి పైగా కట్టడాలకు రక్షణగా ఉన్న పాత నియమం 2015లో రద్దయినప్పుడు మనలో ఎందరికి ఆ వార్త తెలుసు? 2017లో వారసత్వ చట్టం వచ్చింది, మంచిదే. కాపాడమని అడిగే జనం లేకపోతే ఆ చట్టం ఫైల్లోనే ఉంటుంది.

సొంత ఇళ్ల సంగతి వేరు, దాన్ని న్యాయంగా చూడాలి. పాత బాడాకు పది మంది వారసులు, ముగ్గురు కిరాయిదార్లు, కారే కప్పు, ఏటా పన్ను. బిల్డరు వచ్చి డెవలప్‌మెంట్‌కు ఇవ్వమంటే ఆ కుటుంబాన్ని తప్పు పట్టే నోరు నాకు లేదు. ఊరందరికీ గర్వకారణమైనదాన్ని ఒక్క ఇంటివాళ్లు సొంత జేబుతో మోయాలనడం అన్యాయం. ఆస్తి పన్నులో మినహాయింపు, వదులుకున్న అంతస్తులకు బదులుగా టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు), మరమ్మతుకు తక్కువ వడ్డీ అప్పు ఇవ్వాలని అడగాల్సింది మనం, ఆ ఇంటి బయట ఉన్నవాళ్లం.

తెలుగువాళ్లుగా మనకు ఇంకో బాకీ ఉంది. రెసిడెన్సీ బజారు, అంటే ఇప్పటి సుల్తాన్ బజారులో, 1901లో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు పూనిక అందులో ఉంది. ఉర్దూ రాజభాషగా ఉన్న నగరంలో తెలుగు చదవడానికి ఒక గది కావాలని పట్టుబట్టినవాళ్లు వాళ్లు. షాపింగ్‌కు సుల్తాన్ బజారు వెళ్లే మనం ఒక్కసారైనా ఆ మెట్లు ఎక్కామా? మీ పిల్లలను తీసుకెళ్లండి. సభ్యత్వం కట్టండి.

పాత కట్టడాలను బాగుచేయడం మనకు చేతకాక కాదు. 1935 నాటి మొజంజాహి మార్కెట్ రాళ్లను కడిగి, అడ్డదిడ్డంగా మొలిచిన షెడ్లు తీసేసరికి దాని ముఖం మళ్లీ కనబడింది. చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్ల బావిలోంచి లారీల కొద్దీ మట్టి తీస్తే అడుగున నీళ్లు ఊరాయి. కోఠీ మహిళా విశ్వవిద్యాలయంలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీకి ఏళ్ల మరమ్మతు తర్వాత మళ్లీ నిండుదనం వచ్చింది.

ఇక ముందున్న సంగతి. రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టుకు 2024 మార్చిలో శంకుస్థాపన అయింది. ఉస్మానియా గోషామహల్‌కు వెళ్తుంది, హైకోర్టు రాజేంద్రనగర్‌కు వెళ్తుంది. మూసీకి అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్న రెండు మహా కట్టడాల్లో ఒకటి ఇప్పటికే ఖాళీ అయింది, రెండోదీ కొన్నేళ్లలో ఖాళీ అవుతుంది. మనిషి అలికిడి లేని భవనం చప్పున చస్తుంది. కిటికీలు మూసేవాడుండడు, గొట్టాలు శుభ్రం చేసేవాడుండడు. వాటిని దేనికి వాడతారో ఇప్పుడే చెప్పమని అడగాలి. 1908 వరద ఫొటోలు, ఈ నగరం మనుషుల ఫొటోలు పెట్టడానికి ఒక నగర మ్యూజియం, ఒక పబ్లిక్ లైబ్రరీ, ఒక ఓపీ క్లినిక్, ఏదైనా సరే, జనం రోజూ నడిచే చోటు కావాలని అడగాలి. మీ కార్పొరేటర్‌కు, ఎమ్మెల్యేకు, కలెక్టరేట్‌కు ఉత్తరం రాయండి. కాలనీ సంఘంలో ఒక తీర్మానం చేయండి.

ఇంట్లో బీరువా పైన ఉన్న పాత ఆల్బమ్ కూడా దించండి. ప్రతి ఫొటో వెనక పెన్సిల్‌తో పేరు, ఊరు, ఏడాది రాయండి. ఆ మనుషులను గుర్తుపట్టగల అమ్మమ్మో తాతయ్యో ఇంకా మాట్లాడగలిగి ఉంటే ఈ ఆదివారమే కూర్చోండి. వెనక కనబడే ఇల్లు ఏదో, ఇప్పుడు అక్కడ ఏముందో అడిగి రాసుకోండి. ఆ ఇల్లు ఇంకా నిలబడి ఉంటే వెళ్లి చూడండి, దాని కప్పు మీద రావి మొక్క ఉంటే పీకించండి.