పారేయడం వేరు, పారబోయడం వేరు

నాకు ఇన్నాళ్లూ 'పారేయడం' ఒక్కటే తెలుసు. కాగితమైనా, కాఫీ అయినా 'పారేశాను' అనేవాణ్ణి. అరవై దాటాక ఆ అలవాటు దిద్దినవాడు, మస్కట్‌లో మా కాంపౌండ్ తోటపని చూసే తమ్ముడు. అతనిది జగిత్యాల దగ్గర ఊరు.

మా కాంపౌండ్‌లో చిన్న గడ్డి మైదానం ఉంది. దాన్ని కూర్చుని నడిపే మోవర్‌తో కోస్తారు. ఒక శుక్రవారం గుడిలో సేవ ముగించుకుని వచ్చేసరికి తమ్ముడు ఆ మోవర్‌కి ఇంజన్ ఆయిల్ మార్చి చేతులు తుడుచుకుంటున్నాడు.

"పాత ఆయిల్ ఎక్కడ పారేశావు?" అని అడిగాను.

"పారేయలే సార్, గోడెనక వాదీల పారబోసిన."

నూనె, నీళ్లలాంటివైతే పారబోస్తాం అన్నమాట! కొత్త మాట దొరికిన సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

వాదీ అంటే మన వాగే. నెలల తరబడి ఎండి ఉంటుంది కాబట్టి ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. కానీ 2007లో గోను, 2021లో షాహీన్ తుఫాన్లు వచ్చినప్పుడు వాదీలు ఎలా పొంగాయో ఇక్కడివాళ్లు మర్చిపోరు. అక్కడ పోసిన నూనె కొంత నేలలో ఇంకుతుంది, మిగతాది వానతో సముద్రం చేరుతుంది. మస్కట్ కుళాయిల్లో వచ్చేది ఎక్కువగా ఉప్పు తీసిన సముద్రపు నీళ్లే. పల్లెల్లో బావులు, ఫలజ్ కాలవలు నేల కింది నీటి మీదే బతుకుతాయి. ఒమన్ ఫలజ్‌లలో ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక కారు నుంచి ఒక్కసారి తీసిన పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. మోవర్‌లో పట్టేది లీటరున్నర, రెండు లీటర్లే. అది కూడా తక్కువేం కాదు.

మరి తప్పు తమ్ముడిదా? కాదంటాను. అతనికి మోవర్ ఇచ్చాం, పాత ఆయిల్ పట్టే డబ్బా ఇవ్వలేదు. జాగ్రత్తలన్నీ ఇంగ్లీష్ మాన్యువల్‌లో ఉన్నాయి. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను దాన్ని చదవగలను కానీ బ్లేడు ముట్టుకునేది నేను కాదు. ముట్టుకునే మనిషి తెలుగు నాకన్నా బాగా చదువుతాడు.

అందుకే ఒక పేజీ తెలుగులో రాశాను. మోవర్‌ని చదునైన చోట ఆపి, బ్రేక్ వేసి, తాళం తీసెయ్. బ్లేడు ముట్టుకునే ముందు స్పార్క్ ప్లగ్ వైరు కూడా తీసెయ్. మందపాటి గ్లవ్స్ వేసుకో. జాకీ ఒక్కటే నమ్ముకుని కిందకి దూరొద్దు, స్టాండ్లు పెట్టు. వేడి ఇంజన్‌లో పెట్రోల్ పోయొద్దు. బ్యాటరీ తీసేటప్పుడు ముందు నెగటివ్ వైరు తియ్యి. పాత ఆయిల్‌ని మూత ఉన్న డబ్బాలో పట్టు, అందులో నీళ్లు, పెట్రోల్ కలపొద్దు. ఫిల్టర్‌లో మిగిలిన ఆయిల్ కూడా అందులోకే కారనివ్వు. పాత బ్యాటరీలో సీసం, యాసిడ్ ఉంటాయి, చెత్తకుండీలో వేయొద్దు.

'పెట్టరాదు' అని నేను రాసిన చోటల్లా తమ్ముడు 'పెట్టొద్దు' అని దిద్దాడు.

"అది కంపెనీ పని, మనకెందుకు?" అన్నాడు గుడిలో ఒక మిత్రుడు. నిజమే, డబ్బా, గ్లవ్స్ కొనాల్సింది, పాత ఆయిల్‌ని, బ్యాటరీని సరైన చోటికి పంపాల్సింది యజమానే. ఒమన్‌లో ప్రమాదకర వ్యర్థాలకు 1993 నుంచే నియమాలున్నాయి. వ్యర్థాల పని చూసే ప్రభుత్వ సంస్థ 'బీఆ' కూడా ఉంది. అరబిక్‌లో బీఆ అంటే పర్యావరణం. కానీ నియమం ఏ భాషలో ఉన్నా, పనిచేసే మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పేవాళ్లు కావాలి. అది మనం చేయగలం.

మనం తెలుగు నేర్చుకునేది పద్యాలు చదవడానికి, అమ్మమ్మ ఉత్తరాలు అర్థం చేసుకోవడానికి. అవి ఉండనివ్వండి. దానితోపాటు మీ చుట్టుపక్కల ఏదో ఒక మెషిన్‌తో పనిచేసే తెలుగు మనిషి కోసం ఒక్క పేజీ రాయండి. రాసింది ఆ మనిషికే చూపించండి. మీ తెలుగులో తప్పులు ఆయనే దిద్దుతాడు, నాకు దిద్దినట్టు.

ఇప్పుడు మా షెడ్‌లో ఒక డబ్బా ఉంది. దాని మీద తమ్ముడి చేతిరాతతో 'పాత ఆయిల్ – పారబోయొద్దు' అని ఉంది.