పప్పు మాడిన రోజు

ఆ రోజు మా ఇంట్లో పప్పు మాడిపోయింది. 2024 డిసెంబరు 28, శనివారం. మెల్‌బోర్న్‌లో టెస్టు మ్యాచ్ మనకు తెల్లవారుజామున 5 గంటలకే మొదలు. పిలకాయలు దుప్పట్లు కప్పుకుని టీవీ ముందు నుంచి లేవలేదు. మన విశాఖ అబ్బాయి నితీశ్ కుమార్ రెడ్డి ఎనిమిదో వాడుగా దిగాడు. కాసేపటికే జడేజా కూడా వెళ్ళిపోయాడు. 221కి 7 వికెట్లు!

"బంతి వేసే వాడికి బ్యాటేం వస్తుంది లేమ్మా" అన్నారు మా అత్తమ్మ.

వచ్చింది చూడండి! తోడుగా నిలిచిన వాషింగ్టన్ సుందరూ బంతులు వేసేవాడే. ఇద్దరూ కలిసి 127 పరుగులు చేశారు. నితీశ్ 99 దగ్గర ఉండగా బుమ్రా అవుట్. ఇక ఆఖరివాడు, హైదరాబాదు సిరాజ్. మూడు బంతులు ఎలాగో కాచుకున్నాడు. నేను గరిటె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. తర్వాత ఓవర్లో నితీశ్ ఫోర్ కొట్టి సెంచరీ చేశాడు. స్టాండులో వాళ్ళ నాన్న ముత్యాల రెడ్డిగారు ఏడుస్తుంటే ఇక్కడ మేమూ కళ్ళు తుడుచుకున్నాం. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న మనిషి ఆయన. మ్యాచ్ 184 పరుగులతో ఓడిపోయాం లెండి, అది వేరే సంగతి.

ఇదంతా ఎందుకంటే, ఇక్కడ సోమశిలలో మా వీధి అమ్మాయి ఒకతి క్రికెట్ ఆడుతుంది. "బౌలింగ్ బాగుంది, బ్యాటింగ్ మానుకో" అన్నారట నేర్పే సారు. వాళ్ళమ్మ వచ్చి "ఏం చేయమంటావక్కా?" అని కూర్చుంది.

అమెరికా వాళ్ళ బేస్‌బాల్‌లో ఇదే జరిగింది. బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. ఒకప్పుడు అతనూ తన వంతు వస్తే బ్యాటు పట్టాల్సిందే. సరిగ్గా కొట్టలేరని 1973లో ఒక లీగులో, 2022 నుంచి రెండు లీగుల్లోనూ అతని బదులు వేరేవాడు కొట్టేలా నియమం పెట్టారు. అయినా జపాన్ అబ్బాయి షోహెయ్ ఒహ్‌తాని రెండూ వదల్లేదు. 2025 అక్టోబరు 17న ఒకే మ్యాచ్‌లో బంతితో పది అవుట్లు తీసి, తనే మూడు హోమ్ రన్లు కొట్టాడు. హోమ్ రన్ అంటే మన సిక్సరు లాంటిదే. అంత దూరం ఎందుకు? 1990లలో మన హైదరాబాదు పూర్ణిమా రావు ఆఫ్ స్పిన్ వేస్తూ, బ్యాటింగూ చేస్తూ భారత మహిళల జట్టుకు కెప్టెన్ కూడా అయ్యారు.

"పదమూడేళ్ళ పిల్ల చేతిలో బ్యాటు ఇప్పుడే ఎందుకు లాక్కోవాలమ్మా? ఇంకో మూడేళ్ళు రెండూ ఆడనీ. సారుకి మెల్లగా అలాగే చెప్పు" అన్నాను.

మొన్న ఆదివారం కొత్త బ్యాటు కొనడానికి తల్లీ కూతురూ ఆత్మకూరు బస్సెక్కారు, పొయ్యి మీద పాలు చూడమని నాకు చెప్పి. ఈసారి టీవీ పెట్టలేదు నేను.