పిల్లల చేతికి చందా పుస్తకం

చెన్నైలో పాత మహాబలిపురం రోడ్డు మీద షోళింగనల్లూరు కూడలికి అటూ ఇటూ గత పాతికేళ్లలో లేచిన అపార్ట్‌మెంట్లలో తెలుగు మాట వినపడని చోటు అరుదు. ఎల్కాట్ సెజ్‌లోనో, ఇన్ఫోసిస్, విప్రో ప్రాంగణాల్లోనో ఉద్యోగం, నెల తిరిగేసరికి ఇంటి లోను వాయిదా, పిల్లలకు దగ్గర్లో ఒక సీబీఎస్‌ఈ బడి. వేసవి సెలవులు అయ్యాక ఫీజు కట్టి, పుస్తకాలు, యూనిఫాం, బస్సు లెక్కలు తేల్చుకుని, ఈ ఏటికి గట్టెక్కామనుకుంటారు. చిన్న చిన్న కాగితాలు రావడం ఆ తర్వాతే మొదలవుతుంది. వృద్ధాశ్రమానికి చందా, కార్నివాల్ కూపన్లు, వార్షికోత్సవం బట్టలు, స్పోర్ట్స్ డే టీషర్టు, టీచర్స్ డే కానుక, వరద సహాయం. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద మొత్తం కాదు. చాలావాటి వెనుక ఉద్దేశమూ మంచిదే. అయినా ఆ కాగితం సంచిలోంచి బయటికి వచ్చినప్పుడల్లా చాలా ఇళ్లలో తల్లి ముఖం ఎందుకు వాడిపోతోందో ఆలోచించాలి.

రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో క్లాసు వాట్సాప్ గ్రూపులోకి ఒక సందేశం వస్తుంది. ఫలానా ఆశ్రమానికి మన సెక్షన్ తరఫున ఇంత ఇద్దామని, ఇది స్వచ్ఛందమేనని, ఎవరినీ బలవంతపెట్టడం లేదని. కింద ఒక జాబితా. ఒకటో నంబరు దగ్గర ఒక బాబు పేరు, పక్కన అమ్మ అని, ఆ పక్కన 1000, చివర ఆకుపచ్చ టిక్కు. రెండో తల్లి ఆ జాబితానే కాపీ చేసి తన వరుస చేరుస్తుంది. ఆమెదీ వెయ్యే. మూడో వరుసా అంతే. ఏడో నంబరు దగ్గరికి వచ్చేసరికి, మూడొందలు ఇద్దామనుకున్న మనిషి వేలు ఫోను మీద ఆగిపోతుంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనాల్సిన పనీ లేదు, జాబితాయే అంటోంది. పడుకునేవేళకు సగానికి పైగా పేర్లు నిండుతాయి. ఇచ్చినవాళ్లు ఎంత తేటగా కనపడతారో, ఇవ్వనివాళ్లూ అంతే తేటగా కనపడతారు.

కూపన్ పుస్తకాల సంగతి ఇంకో రకం. పుస్తకానికి ఇరవై కూపన్లు, ఒక్కోటి యాభై రూపాయలు అనుకుందాం. ఎనిమిదేళ్ల పిల్ల దాన్ని పట్టుకుని లిఫ్టులో ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ అడుగుతుంది. పక్క ఫ్లాటు ఆంటీ రెండు తీసుకుంటుంది. మర్నాడు ఆంటీ వాళ్లబ్బాయి తన పుస్తకంతో మన తలుపు తడతాడు, మనమూ రెండు తీసుకోక తప్పదు. గుంటూరులో అమ్మమ్మకు వీడియో కాల్ వెళ్తుంది. ‘అమ్మమ్మా, నువ్వు నాలుగు కొను, ఫోన్‌పే చేసెయ్.’ మిగిలినవి గడువు రోజు పొద్దున నాన్నే కొంటాడు. ఎక్కువ అమ్మిన పిల్లల్ని ప్రార్థన సమావేశంలో పిలిచి సర్టిఫికెట్టో పతకమో ఇస్తారు. తక్కువ అమ్మిన పిల్లకు తను ఏ తప్పు చేసిందో అర్థం కాదు. నిజానికి అది తన తప్పు కాదు, తండ్రి జీతానికీ చుట్టాల సంఖ్యకూ సంబంధించిన విషయం. దాన్ని పిల్ల ప్రతిభగా వేదిక మీద లెక్కకట్టడం అన్యాయం.

బడి కోసం సమాజాన్ని అడగడం మనకు కొత్త కాదు. అది తప్పు అనడమూ ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వీధిబడుల కాలంలో దసరా వస్తే అయ్యవారు పిల్లల్ని వెంటబెట్టుకుని, వాళ్ల చేతికి రంగు కాగితాల విల్లంబులిచ్చి, పద్యాలు పాడిస్తూ ఇల్లిల్లూ తిరిగేవారు. అయ్యవారికి డబ్బు, పిల్లలకు పప్పుబెల్లాలు. ఆయన బతుకుదెరువులో ఆ పండగ మామూలు ఒక ముఖ్యమైన భాగం. ఆ పద్ధతిలోనూ ఒత్తిడి లేకపోలేదు. రేపు రమ్మనేవాళ్లను సున్నితంగా దెప్పే మాటలు ఆ పద్యాల్లోనే ఉన్నాయి. కానీ అడిగే మనిషి ముందు నిలబడి తన కోసం తానే అడిగేవాడు. ఎవరింట్లో ఎంత ఇచ్చినా పప్పుబెల్లాలు పిల్లలందరూ పంచుకునేవారు. ఈ రెండో మాట ఇప్పటి సర్టిఫికెట్లు ఇచ్చేవారు ఒకసారి తలచుకోవలసింది.

అలాగని ఆ రోజుల్ని బంగారు కాలంగా చెప్పుకోనక్కర్లేదు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తెలుగు, కన్నడ బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి రాసిన నివేదికలో, కుటుంబాలు పేదరికంలోకి జారడం వల్ల పిల్లలు బడికి దూరమవుతున్నారని బాధపడ్డాడు. ఇచ్చే శక్తి మీద బడి నిలబడితే ఇవ్వలేని ఇంటి పిల్ల ముందుగా బయటికి వస్తుంది. వందేళ్లకు ఆ నీడ కొంత తొలగించిన పని జరిగింది కూడా మద్రాసులోనే. తెలుగు ఇంటివాడైన పిట్టి త్యాగరాయ చెట్టి నగర కార్పొరేషన్‌కు అధ్యక్షుడుగా ఉన్న 1920లో, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు తలకు అణా మించకుండా ఫలహారం పెట్టాలని కౌన్సిల్ తీర్మానించింది. ఖర్చు కార్పొరేషన్‌ది. ఏ పిల్లవాడి చేతికీ రసీదు పుస్తకం ఇవ్వలేదు.

ముఖ్యమంత్రి కామరాజ్ కాలంలో 1956లో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు మాత్రం మొదటి ముద్ద ప్రజల విరాళాల నుంచే వచ్చింది. తర్వాతే ప్రభుత్వం ఖర్చులో వాటా తీసుకుంది. ఆ దశకం చివర్లో విద్యాశాఖ అధిపతి నె.దు. సుందరవడివేలు ఊరూరా బడి బాగు మహాసభలు పెట్టించారు. ఊళ్లవాళ్లు బల్లలు, గడియారాలు, నీళ్ల కుండలు, స్థలాలు ఇచ్చారు. ఊరు ఊరంతా తన బడికి చేసుకున్న పని అది. ఈ మధ్య, 2022 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం ‘నమ్మ స్కూల్’ పథకం ప్రారంభించినప్పుడు ముఖ్యమంత్రి స్టాలిన్ తన సొంతం నుంచి 5 లక్షల రూపాయలిచ్చారు. పూర్వ విద్యార్థుల్ని, సంస్థల్ని, విదేశాల్లో ఉన్నవాళ్లని ప్రభుత్వ బడులకు సాయం చేయమని పిలిచారు. వీటన్నిటిలో అడిగింది పెద్దలు, ఇచ్చింది పెద్దలు. మధ్యలో చిన్న చెయ్యి లేదు.

నా అభ్యంతరమంతా అక్కడే ఉంది. పిల్ల మధ్యలో ఉన్నప్పుడు తల్లిదండ్రులకు కాదనే స్వేచ్ఛ ఉండదు. కాదంటే ఆ మాట బడిలో చెప్పాల్సింది ఆరేడేళ్ల పసిది. కాదనలేని విరాళం ఫీజే అవుతుంది, దానికి రసీదు మీద ఏ పేరు రాసుకున్నా.

చట్టం ఏమంటుందని అడిగేవారుంటారు. మన తెలుగు నేల నుంచి వెళ్లిన కేసు, ఉన్నికృష్ణన్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య జరిగినది, 1993లో సుప్రీంకోర్టు చేత పద్నాలుగేళ్లలోపు పిల్లల చదువు ప్రాథమిక హక్కని చెప్పించింది. ఆ దారిలోనే 2009 విద్యాహక్కు చట్టం వచ్చింది. ప్రకటించిన ఫీజు కాక తీసుకునే ఏ విరాళమైనా, ఏ చందా అయినా ఆ చట్టం లెక్కలో క్యాపిటేషన్ ఫీజే. పిల్లను చేర్చుకునేటప్పుడు అది వసూలు చేస్తే తీసుకున్నదానికి పది రెట్ల దాకా జరిమానా. అదే ఏడు తమిళనాడు ఫీజుల నియంత్రణ చట్టమూ చేసింది. హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన కమిటీ ఫీజు నిర్ణయిస్తుంది, అంతకు మించి వసూలు చేయకూడదు. అయితే విద్యాహక్కు చట్టంలోని ఆ జరిమానా బడి గేటు దగ్గర, చేరే రోజున కాపలా కాస్తుంది. లోపలికి వెళ్లాక పన్నెండేళ్లపాటు, స్వచ్ఛందమనే మాట తగిలించుకుని వచ్చే కాగితాల దగ్గర దాని పట్టు సడలుతుంది.

ఇతర దేశాల్లో ఈ సందును పూడ్చే ప్రయత్నాలు జరిగాయి. ఇంగ్లండ్‌లో 1996 విద్యా చట్టం ప్రభుత్వ బడులను విరాళం అడగనిస్తుంది. కాకపోతే అడిగే ప్రతి లేఖలోనూ రెండు మాటలు ఉండి తీరాలి: ఇవ్వాలన్న నిబంధన లేదని ఒకటి, ఇచ్చినా ఇవ్వకపోయినా పిల్లను వేరుగా చూడబోమని రెండోది. కాలిఫోర్నియాలో ప్రభుత్వ బడులు పిల్లల దగ్గర ఫీజులు గుంజకుండా 2012లో చట్టం చేశారు. అయినా ఫ్రీమాంట్, కూపర్టినో వంటి చోట్ల స్థిరపడిన తెలుగువారికి, ఒక్కో బిడ్డకు ఇంత ఇస్తే బాగుంటుందని సూచించే లేఖలు, పరుగు పందేల చందాలు బాగా పరిచయమే. డబ్బున్న పేటల్లో ఈ ఒరవడి ఆగడం కష్టం. పదిమంది తేలిగ్గా ఇవ్వగలిగిన మొత్తమే పదకొండోవాడికి మర్యాదగా మారుతుంది.

షోళింగనల్లూరులో ఆ పదకొండోవారు దూరంగా లేరు. సునామీ తర్వాత, నగరంలో గుడిసెలు తొలగించిన తర్వాత తరలించిన కుటుంబాల ఇళ్లు సెమ్మంచేరిలో, పెరుంబాక్కంలో బారులు తీరి ఉన్నాయి. మన అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమేవారు, వాచ్‌మన్లు, డెలివరీ కుర్రాళ్లు చాలామంది అక్కడివారే. ప్రైవేటు బడుల్లో ప్రవేశ తరగతి సీట్లలో నాలుగో వంతు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలన్న నిబంధన వల్ల ఆ ఇళ్ల పిల్లలు కొందరు మన పిల్లల పక్కనే కూర్చుంటారు. వాళ్లకు ఫీజు లేదు. కూపన్ పుస్తకం మాత్రం ఉంటుంది. ఆ తల్లి దాన్ని ఎవరికి అమ్మాలి? తను పనిచేసే ఇంట్లో అడగాలి. ఆ ఇంటి పాప సంచిలోనూ అదే బడి పుస్తకం ఉంటుంది.

ఉద్యోగస్తుల ఇళ్లలో ఇబ్బంది ఇంకో తీరు. ఊరు కాని ఊళ్లో ఉన్నాం, తమిళం అంతంతమాత్రం, నలుగురిలో పిసినారులమని అనిపించుకోవడం ఎందుకన్న బెరుకు. టీచరు మనసులో పిల్ల మీద ఏమైనా పడుతుందేమోనన్న భయం. ఈ భయం చాలాసార్లు నిజం కాదు. క్లాసు టీచరుకు పైనుంచి లక్ష్యం పెట్టి ఉంటారు, ఆమె కూడా మనంత మొహమాటంతోనే అడుగుతుంటుంది. ఆమె మీద విసుక్కుని లాభం లేదు.

పిల్లలకు ఇవ్వడం నేర్పొద్దా? నేర్పాలి, తప్పకుండా. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు పెరుంబాక్కం, పళ్లికరణై వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు పాలప్యాకెట్టు, కొవ్వొత్తి ఎంత విలువైనవో పిల్లలు కళ్లారా చూశారు. అప్పుడు తన రగ్గు ఇంకో పిల్లకు ఇచ్చిన పిల్ల దానం అంటే ఏమిటో నేర్చుకుంది. నాన్న ఫోనులోంచి వెళ్లిన వెయ్యి రూపాయలకు పతకం అందుకున్న పిల్ల వేరే సంగతి నేర్చుకుంటుంది. తన పాత పుస్తకాలు ఏరి కట్టడం, సెలవు రోజున ఆశ్రమానికి వెళ్లి ఓ పూట తాతలకు పేపరు చదివి పెట్టడం, బడి తోటలో కాసిన వంకాయలు పట్టుకెళ్లి ఇవ్వడం, ఇవన్నీ డబ్బుతో కొలవలేనివి గనక అందరు పిల్లలూ సమానంగా చేయగలిగినవి.

బడులకు నిజంగానే డబ్బు అవసరమైతే ఏడాదికోసారి, వేసవి సెలవులకు ముందే, ఏమేం ఖర్చులుంటాయో తల్లిదండ్రులకు ఒక్క కాగితం మీద చెప్పవచ్చు. అడిగేది పెద్దల్నే అడగవచ్చు, వాళ్ల ఈమెయిలుకే. పిల్లల పేర్లతో జాబితా పెట్టకుండా ఒక క్యూఆర్ కోడ్ ఇచ్చి, మొత్తం ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది మాత్రం నెలలోపు అందరికీ పంపవచ్చు. ఎక్కువ అమ్మినవారికి బహుమతులు మానేయడానికి ఏ చట్టమూ అక్కర్లేదు, ప్రధానోపాధ్యాయుల సంతకం చాలు.

తల్లిదండ్రుల చేతిలోనూ ఒక పని ఉంది. వాట్సాప్ గ్రూపులో మొదటి వరుస రాసేవారు సాధారణంగా కాస్త కలిగినవారు, అందరితో కలుపుగోలుగా ఉండేవారు. వాళ్లు అంకె వేయకుండా, టిక్కు పెట్టకుండా, ‘ఇవ్వాలనుకున్నవారు నేరుగా ఈ ఖాతాకు పంపండి, ఇక్కడ రాయక్కర్లేదు’ అని ఒక్క మాట రాస్తే ఏడో నంబరు తల్లికి ఆ రాత్రి నిద్ర పడుతుంది. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఈ అంశం ఎజెండాలో పెట్టమని ఇంగ్లీషులో నాలుగు వాక్యాల ఉత్తరం రాయడానికి తమిళం రానక్కర్లేదు. సెమ్మంచేరి నుంచి వచ్చే తల్లి పని మానుకుని ఆ సమావేశానికి రాలేకపోవచ్చు. రాగలిగినవాళ్లం ఆ ఉత్తరంలో ఆమె మాట కూడా రాయాలి.