మేకల పక్షమున విజయము
మిత్రులు అరుగుపై గీసికొని ఆడు పులిజూదమున, 23 స్థానముల పటముపై 3 పులులు పట్టినవానిదే బలమనియు, 15 మేకలు పట్టినవాడు ప్రాణరక్షణమునకే పాటుపడవలెననియు ఎల్లరును తలతురు. కాని, వెనుకటి స్థానము ఖాళీగానున్న మేకను మాత్రమే పులి దుమికి చంపగలదు గనుక, తొందరపడక మేకలను ఒకదానికొకటి ఆసరాగా నిలుపుచు, అదను చూచి ఒకదానిని తానే ఎరగా విడిచి, దానికై దుమికిన పులికి మరలివచ్చు మార్గమును మూసివైచు ఆటగాడే తుదకు గెలుచును. మేక పులిని చంపజాలదు. చలనమును హరించియే జయింపవలెను. బుద్ధిబలమునకు ఇంతకంటె ఉదాత్తమైన పరీక్షను నేనెరుగను. కావున పులులకై పోటీపడు మన పిల్లలకు మొదట మేకలనిచ్చి ఆడింపవలెను. దుర్బలమని తోచినదానియందు ఓర్పుతోను, పరస్పర సహాయముతోను బలమును సృజించు విద్య వారికట్లే అలవడును.