బ్రౌను బంగళాలో రాయసగాళ్లు

తాటాకు పుస్తకానికి ఆయుష్షు తక్కువ. పురుగు తినేలోగా ఎవరో గంటం పట్టి మరో ప్రతి రాయాలి. చెయ్యి జారితే ఆ తప్పు తర్వాతి ప్రతికీ ఎక్కుతుంది. హీబ్రూ బైబిలు రాయసగాళ్లు అందుకే అక్షరాలు సైతం లెక్కపెట్టేవారు.

తండ్రి దగ్గర హీబ్రూ నేర్చిన సి.పి. బ్రౌన్ 1820లో కడపకొచ్చాడు. తర్వాత ఎర్రముక్కపల్లె బంగళాలో సొంత డబ్బుతో పండితుల్నీ, రాయసగాళ్లనీ పెట్టాడు. ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించడం, పక్కపక్కన పెట్టి పోల్చడం, తేడాలు తేల్చి కాగితం మీద శుద్ధప్రతి రాయించడం... ఇదీ వరస. అప్పులైనా ఆపలేదు మహానుభావుడు! వేమన పద్యాలు 1829లో అచ్చుకెక్కాయి.

ఆ రాతప్రతులెన్నో ఇప్పుడు చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. బంగళా స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో గ్రంథాలయం వెలిసింది. జూలూరి అప్పయ్యలాంటి పండితుల పేర్లు అప్పుడప్పుడూ వినిపిస్తాయి. నకళ్లు రాసినవాళ్లను తలచుకునేవాళ్లే తక్కువ.