కొవ్వు వెన్న కాదు, సెగకు కరగడానికి

స్టీమ్ బాత్‌తో, సానాతో లావు తగ్గుతారన్నది అబద్ధం. ముందే చెప్పేస్తున్నా, తిట్టేవాళ్ళు తర్వాత తిట్టుకోండి.

కామారెడ్డిలో ఈ మధ్య పొద్దున్నే పేపర్ విప్పితే ఓ రంగుల కాగితం జారిపడుతోంది. ఇన్ని సిట్టింగులకు ఇన్ని కిలోలు గ్యారంటీ అట! ఎల్లారెడ్డిలో మా వదిన వాళ్ళింటికీ అలాంటి కాగితాలే వస్తున్నాయి. పేర్లు వేరు, మాట ఒకటే.

లెక్క మనమే వేసుకుందాం. వేడి గదిలో కూర్చుంటే చెమట పోతుంది. అర లీటరు పోతే కాటా మీద అర కిలో తగ్గుతుంది. ఇంటికొచ్చి రెండు గ్లాసుల నీళ్ళు తాగామా, ఆ అర కిలో మళ్ళీ మనదే. చెమటలో పోయేది నీళ్ళు, కాస్త ఉప్పు. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. ఊరికే కూర్చుని చెమట పడితే అంత ఖర్చవుతుందా?

సానాకు పుట్టిల్లు ఫిన్లాండ్. 55 లక్షల జనానికి దాదాపు 30 లక్షల సానాలున్నాయక్కడ. 2020లో యునెస్కో కూడా ఆ ఆచారాన్ని గుర్తించింది. వాళ్ళు వెళ్ళేది ఒళ్ళు తేలికపడటానికి, మనసు కుదుటపడటానికి. సానా గుండెకు మంచిదని అందరూ చెప్పే 2015 నాటి అధ్యయనం 2,315 మంది మీద జరిగింది. అందరూ నడివయసు మగవాళ్ళే! బరువు తగ్గడం గురించి కాదు, గుండెజబ్బు మరణాల గురించి చూశారందులో. దాన్ని తెచ్చి మన నడుముకు చుడితే ఎలా?

అయితే ఆవిరి స్నానం దండగంటారా? అననే అనను. వేడి తగిలితే పట్టేసిన నడుము సడలుతుంది, ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది. ఈ సంగతి మన అమ్మమ్మలకు తెలుసు. బాలింతకు నూనె రాసి, వేడివేడి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసేవాళ్ళు. ఎన్ని కిలోలున్నావని ఎవరూ అడగలేదు. పిల్ల నడక నేర్చాక ఆ తల్లి ఒంటి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

మన చుట్టుపక్కల ఊళ్ళలో చాట ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టే ఆడవాళ్ళను చూడండి. కదలకుండా చేసే పని. నడుము పట్టేస్తుంది, ఒళ్ళు వస్తుంది. తిని కూర్చుంటే వచ్చిన ఒళ్ళు కాదది, కూర్చుని పని చేస్తే వచ్చింది. అయినా పెళ్ళిలో కనిపిస్తే మొదటి పలకరింపు, "బాగ లావైనవ్ గదా వదినా!"

మన భాషా తక్కువ తినలేదు. కొవ్వెక్కిందంటే పొగరెక్కిందనే కదా అర్థం? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 30 శాతం మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. ఇంతమందికీ ఒక్కసారే పొగరెక్కిందా?

లావు వల్ల షుగర్, బీపీ, మోకాళ్ళ నొప్పులు వస్తాయి, నిజమే. వాటికి డాక్టరున్నాడు, తిండిలో మార్పుంది, నడకుంది. ఆ నడకకు రోజూ ముప్పావుగంట కావాలి. ఆ ముప్పావుగంట పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారో ఇంట్లోవాళ్ళు చెప్పాలి. సలహా ఇవ్వడానికి పదిమంది, గిన్నె తోమడానికి ఒక్కరూ రారు.

పార్లర్ల వాళ్ళకు ఒకటే మాట. బోర్డు మీద కిలోలు చెరిపేసి "అరగంట విశ్రాంతి" అని రాయండి. బీపీ మాత్రలు వేసుకుంటున్నారా, గుండెజబ్బుందా, కడుపుతో ఉన్నారా అని అడిగి, డాక్టరు సరేనంటేనే లోపలికి పంపండి.

ఇక మీకు, చెల్లెళ్ళూ. డబ్బుంటే హాయిగా వెళ్ళండి, లేకపోతే ఇంట్లోనే ఒక బకెట్ వేడినీళ్ళు పెట్టుకుని తలుపు గడియ వేసుకోండి. కాటా మాత్రం ఎక్కకండి. సేద తీరడానికి సన్నబడాలన్న షరతు ఎవరు పెట్టారని?